తెడ్డు చేతిలో... బలం నడుములో!

కొత్తగా కెనూ ఎక్కినవాళ్లని గమనించండి. తెడ్డుని చీపురు పట్టుకున్నట్టు గట్టిగా బిగించి, నీళ్లని చిలికేస్తుంటారు. పడవేమో ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంటుంది. కాసేపటికే అరచేతుల్లో మంట, భుజాల్లో నొప్పి. ఇక ఇది మనవల్ల కాదులే అని తెడ్డు పక్కన పెట్టేస్తారు. చాలామంది విషయంలో చిక్కంతా కండబలంతో కాదు, పట్టుతోనే!

మన దోనెకు చుట్టమే
కొల్లేరులో తాటిదోనె నడిపేవాళ్లని చూసినవారికి కెనూ కొత్తేమీ కాదు. అదీ సన్నగా, పొడవుగా ఉండే పడవే. దాని తెడ్డుకి ఒకవైపే రెక్క ఉంటుంది. రెండువైపులా రెక్కలుంటే అది కయాక్ తెడ్డు. కెనూ తెడ్డుకి రెండో చివర చిన్న పిడి ఉంటుంది. చాలామంది మరిచిపోయేది దాన్నే.

పట్టు ఇలా...
కుడివైపు తెడ్డు వేస్తుంటే ఎడమ అరచేయి పిడి మీద ఉండాలి, కర్ర మీద కాదు. కుడిచేయి కిందికి, రెక్కకు కాస్త పైన ఉండాలి. వైపు మారిస్తే చేతులూ మారాలి. రెండు చేతుల మధ్య దూరం తెలియాలంటే తెడ్డుని తలపైకి అడ్డంగా ఎత్తండి. మోచేతులు ఇంచుమించు లంబకోణంలో ఉంటే సరిపోయినట్టే. వేళ్లు మాత్రం వదులుగా ఉండాలి. బిగిస్తే బొబ్బలూ మణికట్టు నొప్పీ తప్పవు.

తెడ్డు పొడవూ ముఖ్యమే. కుర్చీలో కూర్చుని, పిడిని కుర్చీ మీద ఆనించి తెడ్డుని తలకిందులుగా నిలబెట్టండి. రెక్క మొదలయ్యే చోటు గడ్డానికీ ముక్కుకీ మధ్యకు రావాలి.

లాగడమూ ఒక విద్యే
నడుము పైభాగాన్ని కాస్త తిప్పి ముందుకు చాచండి. రెక్కని మోకాలి ముందు నిలువుగా, పూర్తిగా మునిగేలా దించండి. తర్వాత తిప్పిన నడుముని వెనక్కి తెస్తూ లాగండి. తెడ్డు తుంటి దగ్గరికి రాగానే పైకి తీసేయాలి. ఇంకా వెనక్కి లాగితే శ్రమేగానీ వేగం రాదు. చేతులతోనే లాగితే భుజాలు త్వరగా అలిసిపోతాయి. నడుము తిరిగితే వీపు, పొట్ట కండరాలూ సాయపడతాయి.

ఒకేవైపు వేస్తే పడవ రెండోవైపు తిరుగుతుందిగా! అందుకే లాగడం చివర్లో పై చేతి బొటనవేలు కిందికి చూసేలా తెడ్డుని తిప్పి, రెక్కతో నీటిని పడవ నుంచి బయటికి కొద్దిగా నెట్టాలి. ఇంగ్లిషు 'జె' అక్షరంలా సాగుతుంది కాబట్టి దీన్ని 'జె స్ట్రోక్' అంటారు. ఇద్దరుంటే చెరోవైపు వేయాలి. దారి మళ్లించే పని వెనకున్నవారిది.

పతకం తెచ్చిన తెడ్డు
2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో అర్జున్ సింగ్, సునీల్ సింగ్ జంట వెయ్యి మీటర్ల కెనూ డబుల్స్‌లో కాంస్యం గెలిచింది. 1994 తర్వాత ఈ ఆటలో మనకు దక్కిన పతకం అదే. ఈ పోటీల్లో ఒంటి మోకాలి మీద నిలిచి, రేసంతా ఒకేవైపు తెడ్డు వేస్తారు.

మొదటిరోజే అంత దూరం వద్దు. ఈత వచ్చినా సరే, లైఫ్ జాకెట్ వేసుకోవాల్సిందే. పడవ తిరగబడితే దాన్నే పట్టుకుని ఉండండి, విడిచి ఈదకండి. లోతులేని నిలకడ నీళ్లలో, తెలిసినవారి దగ్గర పట్టు కుదిరేదాకా సాధన చేయండి. పిల్లలకైతే పిల్లల తెడ్డే ఇప్పించండి. పెద్దలది ఇస్తే పట్టు ఎప్పటికీ కుదరదు!