మేలో హాయినిచ్చిన కూలర్ జులైలో ఉక్కపోత ఎందుకు పెంచుతుంది? జంషెడ్‌పూర్ పడకగది చెప్పే పాఠం

రాత్రి షిఫ్టు ముగించుకుని ఉదయం ఇల్లు చేరిన కార్మికునికి పగలే నిద్రవేళ. జంషెడ్‌పూర్‌లో ఇది నిన్న మొన్నటి సంగతి కాదు. ఇక్కడి కర్మాగారంలో 1912లో ఉక్కు తయారీ మొదలైంది. ఎనిమిది గంటల పనిదినం కూడా ఆ ఏడాదే అమలులోకి వచ్చింది. అప్పటి నుంచి ఈ నగరంలోని వేల ఇళ్లలో నిద్ర, భోజనం షిఫ్టులను అనుసరించే నడుస్తున్నాయి.

అయితే మే నెలలో వెలుపల 40 డిగ్రీలు దాటే మధ్యాహ్నం ఆ నిద్ర పట్టడం ఎలా? నిద్ర చాలని మనిషి తిరిగి యంత్రాల మధ్యకు వెళ్లవలసి ఉంటుంది గనుక ఇది కేవలం సౌఖ్యానికి సంబంధించిన ప్రశ్న కాదు. వృద్ధులు, పసిపిల్లలు, గర్భిణులు ఉన్న ఇళ్లలో ఇది ఆరోగ్య సమస్య కూడా.

పరిష్కారం కోసం కూలర్, ఫ్యాన్, ఏసీ కొంటారు. కానీ ఏ పరికరాన్ని ఎప్పుడు వాడాలో తేల్చేది ఉష్ణోగ్రత ఒక్కటే కాదు. గాలిలోని తేమను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఒకే ఊరు, రెండు రకాల వేడి

ఉత్తరాన దల్మా కొండలు, పక్కన సువర్ణరేఖ, ఖర్కాయి నదుల సంగమం. సముద్రానికి దూరంగా ఛోటానాగ్‌పూర్ పీఠభూమి అంచున ఉన్న ఈ నగరంలో ఏప్రిల్, మే నెలల్లో పొడి వడగాలులు వీస్తాయి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెత ఇక్కడా వర్తిస్తుంది. మృగశిర దాటి ఆరుద్ర వచ్చేసరికి రుతుపవనాలు ప్రవేశిస్తాయి. ఎండ తగ్గుతుంది, కానీ ఉక్కపోత మొదలవుతుంది.

శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి తరతరాల క్రితం వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు తీరప్రాంతపు ఉక్కపోత పరిచితమే. ఈ ఊళ్లో వారికి అదనంగా ఎదురైనది పొడి వడగాలి.

ఈ రెండింటి మధ్య తేడాను ఒక చిన్న లెక్కతో చూడవచ్చు. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 9 అడుగుల ఎత్తు ఉన్న పడకగదిని తీసుకుందాం. ఉష్ణోగ్రత 40 డిగ్రీలు, సాపేక్ష ఆర్ద్రత 20 శాతం ఉన్న మే మధ్యాహ్నం ఆ గది గాలిలో ఆవిరి రూపంలో ఉండే నీరు సుమారు 310 గ్రాములు. ఉష్ణోగ్రత 30 డిగ్రీలు, ఆర్ద్రత 85 శాతం ఉన్న జులై రాత్రి అదే గదిలో సుమారు 790 గ్రాములు ఉంటుంది. వేడి పది డిగ్రీలు తగ్గినా, నీరు రెండున్నర రెట్లు పెరిగింది.

శరీరం తనను తాను చల్లబరచుకునే ప్రధాన మార్గం చెమట ఆరడమే. గాలిలో అప్పటికే ఆవిరి నిండి ఉంటే చెమట కారుతుంది గానీ ఆరదు. అదే ఉక్కపోత.

కూలర్ పనితీరు: మట్టికుండ సూత్రం

మట్టికుండలో నీరు చల్లబడటానికి కారణం మనకు తెలిసిందే. కుండ గోడల నుంచి ఊరిన నీరు ఆవిరవుతూ లోపలి వేడిని తీసుకుపోతుంది. పూర్వం కిటికీలకు కట్టి తడిపిన వట్టివేళ్ల తడకలు చేసిందీ ఇదే. నేటి కూలర్ ఆ తడకకు ఫ్యాన్‌ను, పంపును జోడించిన రూపం. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 2,400 కిలోజౌళ్ల ఉష్ణం కావాలి. ఆ ఉష్ణాన్ని నీరు గాలి నుంచే గ్రహిస్తుంది.

అయితే ఈ పద్ధతిలో గాలిని ఎంతవరకు చల్లబరచవచ్చునన్న దానికి ఒక హద్దు ఉంది. తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకం చూపే అంకె అది. దీనిని తడి బల్బు ఉష్ణోగ్రత అంటారు. పైన చెప్పిన మే మధ్యాహ్నం అది సుమారు 22 డిగ్రీలు. మంచి కూలర్ ఆ హద్దు వరకు ఉన్న దూరంలో నాలుగింట మూడు వంతులు చేరుకోగలదనుకుంటే, 40 డిగ్రీల గాలి 26, 27 డిగ్రీలకు దిగుతుంది. అదీ ఏసీతో పోల్చితే అతి తక్కువ విద్యుత్తుతో.

జులై రాత్రి ఆ హద్దు సుమారు 28 డిగ్రీలు. అంటే 30 డిగ్రీల గాలి రెండు డిగ్రీలైనా పూర్తిగా తగ్గదు. పైగా గదిలో తేమ 95 శాతం దాటుతుంది. కూలర్ చెడిపోయిందని చాలామంది భావించేది అప్పుడే. నిజానికి చెడిపోయినదేమీ లేదు. అది పనిచేయగల కాలం ముగిసిందంతే.

కిటికీ తెరవాలా, మూయాలా?

కూలర్ వెలుపలి గాలిని తీసుకోవాలి, గదిలోని తేమ గాలి మరో దారిన బయటకు పోవాలి. అన్ని తలుపులూ మూసి గది మధ్యలో కూలర్ పెడితే, మే నెలలోనైనా కాసేపటికే ఉక్కపోత తప్పదు. కూలర్‌ను కిటికీ వద్ద అమర్చి, ఎదుటి కిటికీ కొద్దిగా తెరిచి ఉంచడం లేదా ఎగ్జాస్ట్ ఫ్యాన్ నడపడం సరైన పద్ధతి.

గదిలో తేమ 60 శాతం దాటితే కూలర్ నీటి పంపును ఆపి, ఫ్యాన్ మాత్రమే నడపడం మేలు. తేమను చూపే హైగ్రోమీటర్ చిన్న పరికరమే, పెద్ద ఖర్చేమీ కాదు.

కూలర్ తొట్టిలో నిలిచిన నీరు డెంగీని వ్యాపింపజేసే ఈడిస్ దోమకు నివాసమవుతుంది. వారానికి ఒకసారైనా తొట్టిని పూర్తిగా ఖాళీ చేసి, లోపలి గోడలను రుద్ది ఆరబెట్టాలి. నీరూ విద్యుత్తూ కలిసిన యంత్రం గనుక ఎర్తింగ్ తప్పనిసరి. ప్లగ్ తీయకుండా నీళ్లు పోయరాదు.

ఏసీ పుట్టిందే తేమ కోసం

1902లో అమెరికాలోని బ్రూక్లిన్‌లో ఒక ముద్రణాలయంలో తేమకు కాగితం సాగి, రంగులు సరిగా కుదిరేవి కావు. ఆ సమస్య కోసం విల్లిస్ క్యారియర్ అనే ఇంజనీరు రూపొందించిన ఏర్పాటే ఆధునిక ఏసీకి నాంది. చల్లని నీళ్లు పోసిన గ్లాసు వెలుపల నీటి బొట్లు చేరినట్లే, ఏసీలోని చల్లని గొట్టాలపై గాలిలోని ఆవిరి నీరుగా మారి బయటకు పోతుంది. మన జులై గదిని 24 డిగ్రీలకు, 55 శాతం తేమకు తేవాలంటే ఆ గాలి నుంచే 400 గ్రాములకు పైగా నీటిని తీసివేయాలి.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. వానపడిన రాత్రి గది ఉష్ణోగ్రత అప్పటికే 27 డిగ్రీలు ఉంటే, ఏసీ త్వరగా 24కు చేరి కంప్రెసర్‌ను ఆపేస్తుంది. తేమ తీసేందుకు తగినంత సమయం దొరకదు. గదికి మించిన సామర్థ్యం గల ఏసీలో ఈ సమస్య మరీ ఎక్కువ. జిడ్డుగా అనిపించి మనం 18కి తగ్గిస్తాం. తర్వాత చలికి దుప్పటి కప్పుకుంటాం. నెలాఖరున బిల్లు చూసి నిట్టూరుస్తాం.

అటువంటి రాత్రి ‘డ్రై’ మోడ్ ఎంచుకోవడం ఉత్తమం. అందులో ఫ్యాన్ వేగం తగ్గి, చల్లని గొట్టాలపై గాలి ఎక్కువసేపు నిలిచి తేమను వదులుతుంది. ఏసీ నడుస్తున్న గదిలో కూలర్ పంపు నడపడం మాత్రం తగదు. ఒకటి తీసిన నీటిని మరొకటి తిరిగి పోస్తుంది.

కేవలం తేమను తీసే డీహ్యూమిడిఫయర్లు కూడా లభిస్తున్నాయి. కానీ అవి గదిలోకే వేడిని వదులుతాయి. మూసిన అల్మారాలకు, బూజు పట్టే గోడలకు అవి ఉపయోగమే గానీ, వేసవి నిద్రకు ఏసీకి ప్రత్యామ్నాయం కావు.

ఫ్యాన్‌ను తక్కువ అంచనా వేయవద్దు

ఏసీని 27 డిగ్రీల వద్ద ఉంచి ఫ్యాన్ నడిపితే గది మరో 4 డిగ్రీలు చల్లగా ఉన్నట్లు అనిపిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. భారత్‌లో స్టార్ రేటింగ్ ఉన్న గది ఏసీలకు 2020 జనవరి 1 నుంచి ప్రారంభ ఉష్ణోగ్రత 24 డిగ్రీలుగా నిర్ణయించారు. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం విద్యుత్తు ఆదా అవుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ అంచనా. సాధారణ సీలింగ్ ఫ్యాన్ 70 నుంచి 80 వాట్లు వాడుతుంటే, బీఎల్‌డీసీ ఫ్యాన్‌కు దాదాపు 30 వాట్లు చాలు.

అయితే గది ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటినప్పుడు ఫ్యాన్ ఒక్కదానిపైనే ఆధారపడరాదు. శరీరం కంటే వేడిగా ఉన్న గాలి ఒంటికి వేడిని చేరుస్తుంది. ఒంటిని తడిగుడ్డతో తుడుచుకోవడం, తరచుగా నీరు తాగడం, చల్లని గదికి మారడం అప్పుడు అవసరం. మాట తడబడటం, స్పృహ తప్పడం వడదెబ్బ లక్షణాలు. అవి కనిపిస్తే ఒంటిని చల్లబరుస్తూ వెంటనే ఆసుపత్రికి తరలించాలి.

యంత్రం కంటే ముందు

పగలంతా ఎండను పీల్చుకున్న కాంక్రీటు కప్పు రాత్రి ఆ వేడిని గదిలోకి వదులుతుంది. మిద్దెపై తెల్లని సున్నం పూత, పడమటి కిటికీకి వెలుపల నీడ, పగటి నిద్రకు మందపాటి తెరలు ఏ యంత్రం పనినైనా తేలిక చేస్తాయి. పొడి వేసవిలో కూలర్ నడవని గది కిటికీలను పగలు మూసి, వెలుపలి గాలి చల్లబడిన తర్వాత రాత్రి తెరవాలి. వానాకాలంలో తడిబట్టలను పడకగదిలో ఆరవేయడం మానాలి. ఆ బట్టల్లోని నీరంతా చివరికి ఆ గది గాలిలోకే చేరుతుంది.

కూలర్ ఉన్న ఇంట్లో ఏసీ కొనే ముందు అది ఏ నెలల కోసమో ఆలోచించుకోవడం మంచిది. వడగాలి వీచే రోజుల్లో కూలరే చాలావరకు సరిపోతుంది. ముసురు పట్టిన రోజుల్లో కూలర్‌ను పక్కనపెట్టి, ఫ్యాన్‌ను, అవసరమైన మేరకు ఏసీని వాడుకోవాలి.