అనంతగిరి చల్లన, తాండూరు వెచ్చన – ఎందుకని?

వికారాబాదు, తాండూరు ఒకే రైలు మార్గంలో ఉన్నాయి. అయినా అక్కడ చల్లన, ఇక్కడ వేడి. కొత్తగా హాస్టల్లో చేరే తమ్ముళ్లకు, వార్షికోత్సవానికి వచ్చే పూర్వ విద్యార్థులకు దీని కారణం తెలియాలి.

మొదటిది ఎత్తు. సముద్ర మట్టానికి వికారాబాదు సుమారు 640 మీటర్లు, తాండూరు సుమారు 450 మీటర్ల ఎత్తున ఉన్నాయి. ప్రతి 1000 మీటర్లకు ఉష్ణోగ్రత దాదాపు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. అంటే ఎత్తు వల్ల వచ్చే తేడా ఒక డిగ్రీ పైచిలుకే.

రెండోది నేల. అనంతగిరి అడవిలో చెట్లు నీడనిస్తాయి, ఆకుల నుండి నీటిని ఆవిరిగా వదిలి గాలిని చల్లబరుస్తాయి. తాండూరు చుట్టూ నాపరాతి గనులు. రాయి పగలంతా ఎండకు కాగి, పొద్దుగూకాక సెగ వదులుతుంది.

అనంతగిరి గాలి మంచిదనే పూర్వం అక్కడ క్షయ రోగులకు ఆసుపత్రి కట్టారు.

డిసెంబరు, జనవరి నెలల్లో వికారాబాదు వచ్చేవారు రగ్గు తెచ్చుకోండి. మే నెలలో తాండూరు వెళ్లేవారు మిట్టమధ్యాహ్నం తిరగకండి. వానాకాలం కొండ చూడముచ్చటగా ఉంటుంది. ఉరిమితే మాత్రం చెట్టు కింద నిలబడవద్దు.

మిత్రులారా! కొండ ఎత్తు ఎక్కడికీ పోదు. చెట్లు పోతే చల్లదనం పోతుంది. వాటిని కాపాడుకుందాం.