అవ్వ, అమ్మ నేర్పిన విశ్వాసము

"ఆయన మందిరానికి రారు. నేనొక్కదాన్నే పిల్లలకు ఏం నేర్పగలను?" అని కంటతడిపెట్టే తల్లులు మన సంఘాలలో ఎందరో ఉన్నారు. సోదరీ, తిమోతి ఇంటిని చూడండి. తల్లి విశ్వాసురాలు, తండ్రి గ్రీసు దేశస్థుడు (అపొ. కార్య. 16:1). అయినా తిమోతి బాల్యము నుండే లేఖనములను ఎరిగినవాడు. అవ్వయైన లోయిని, తల్లియైన యునీకేను పౌలు పేరుపెట్టి జ్ఞాపకం చేసుకున్నాడు (2 తిమోతి 1:5). ఆనాడు సండే స్కూలు ఎక్కడిది?

చదువు రాదని వెనుకాడకండి. మూడో తరగతి పిల్లవాడిచేత మార్కు సువార్తలో నాలుగు వచనాలు చదివించుకుని వినండి. అర్థంకాని మాటను ఆదివారం పాస్టరుగారిని అడగవచ్చు. నాట్లు, కోతల రోజుల్లో రాత్రి ప్రార్థన రెండు నిమిషాలైనా చాలు. నిద్రకు తూలే బిడ్డను గంటసేపు మోకాళ్ళమీద ఉంచితే ప్రార్థన అంటేనే విసుగు పుడుతుంది.

ఇంకొక మాట. అబద్ధమాడితే "దేవుడు కళ్ళు పొడుస్తాడు" అని బెదిరించడం మన ఇళ్ళలో అలవాటు. అలా పెరిగిన బిడ్డ, చిన్నపిల్లలను ఎత్తి కౌగిలించుకున్న యేసు (మార్కు 10:16) దగ్గరకు ఎలా వస్తాడు? తప్పు చేస్తే మీరే మందలించండి. తరువాత పక్కన కూర్చోబెట్టుకుని, ఇద్దరూ కలిసి ప్రభువును క్షమాపణ అడగండి.