మార్చిలో పత్తి విత్తనాలు ఎవరు కొంటారు?

దసరాకు నాలుగు రోజుల ముందు బాబాయ్ ఫోన్. ‘‘అమ్మాయ్, కంప్యూటర్ బిల్లు కొట్టనంటోంది. కొట్టు నిండా జనం. ఏం చెయ్యను?’’

నరసరావుపేటలో మా బాబాయ్‌ది ఎరువులు, విత్తనాల కొట్టు. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. ఇంట్లో ఒకరు ఐటీలో ఉంటే ప్రింటర్ నుంచి టీవీ రిమోట్ దాకా అన్నీ వాళ్లే చూడాలి కదా! వీడియో కాల్‌లో స్క్రీన్ చూపించమన్నా. సంగతి అర్థమైంది. లోపల ఉన్నది ఎస్‌క్యూఎల్ సర్వర్ 2008 ఆర్2 ఎక్స్‌ప్రెస్. ఉచితంగా వచ్చే రకం. ఒక్కో డేటాబేస్ 10 జీబీ దాటకూడదు. ఏళ్ల తరబడి బిల్లుల ఫొటోలు కూడా అందులోనే దాచడంతో నిండిపోయింది. పైగా ఆ వెర్షన్‌కు 2019 జులై 9తోనే సపోర్ట్ అయిపోయింది. అంటే కొత్త లొసుగు బయటపడినా మామూలుగా అతుకు వేసేవాళ్లు లేరు.

‘‘క్లౌడ్‌కి మార్చేద్దాం బాబాయ్’’ అన్నా.

‘‘అంటే నా లెక్కలు ఆకాశంలో ఉంటాయా?’’

‘‘ఆకాశంలో కాదు, వేరే ఊళ్లో పెద్ద భవనంలో ఉంటాయి. అమెజాన్ వాళ్లు 2022 నవంబరులో హైదరాబాద్‌లోనే ఒక రీజియన్ తెరిచారు. మన మిషన్ కాలిపోయినా లెక్కలు పోవు.’’

బాబాయ్ ఊఁ అన్నాడు. అప్పటికి నాకు అదంతా రెండు రోజుల పనే అనిపించింది.

తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలే!

కొత్త బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో టేబుళ్ల అమరిక వేరు. అందుకే పాత డేటాను ఫైళ్లుగా దించి, ఎక్సెల్‌లో సర్ది, మళ్లీ ఎక్కించాలి. మొదటి ట్రయల్‌లోనే దెబ్బ తగిలింది. రైతుల పేర్లున్న చోట వరుసగా ????? గుర్తులు. ఫైలును యూటీఎఫ్-8లో సేవ్ చేయకపోతే తెలుగు అక్షరాలకు అదే గతి. అది కంటికి కనిపించే తప్పు కాబట్టి అరగంటలో సరిచేశా.

రెండోది కొన్ని వరుసలు ఎక్కకపోవడం. తేదీ ఫార్మాట్ తప్పని వచ్చింది. ఆ వరుసల వరకు దిద్ది ఎక్కించా. బిల్లుల సంఖ్య సరిపోయింది. మొత్తం బాకీ రూపాయితో సహా సరిపోయింది. దసరా మర్నాటి నుంచి బాబాయ్ ఫోన్‌లోనే లెక్కలు చూసుకుంటున్నాడు. కాలర్ ఎగరేశా.

పెద్దాయన అడిగిన ప్రశ్న

నవంబరులో, మొదటి తీత పత్తి అమ్ముకుని ఒక పెద్దాయన బాకీ కట్టడానికి వచ్చాడు. అసలు 20,000. నూటికి రెండు రూపాయల వడ్డీ. స్క్రీన్ మీద ఎనిమిది నెలల వడ్డీ 3,200 అని వచ్చింది. ఆయన కాసేపు వేళ్లు లెక్కపెట్టుకుని, ‘‘షావుకారూ, మార్చిలో పత్తి విత్తనాలు ఎవరు కొంటారయ్యా?’’ అన్నాడు.

బాబాయ్ పాత చేతిరాత పుస్తకం తీశాడు. జులై 3న ఇచ్చిన సరుకు. నాలుగు నెలలే. వడ్డీ 1,600.

తప్పు నాదే. ఆఫీసు లాప్‌టాప్‌లో తేదీలు అమెరికా పద్ధతిలో ఉన్నాయి, ముందు నెల, తర్వాత రోజు. 03/07ని ఎక్సెల్ మార్చి 7 అనుకుంది. 15/07 లాంటివి అర్థంకాక వదిలేసింది. మొరాయించినవి అవే, నేను దిద్దినవీ అవే. నోరెత్తకుండా లోపలికి వెళ్లిన తప్పులను చూడనేలేదు. లెక్కేస్తే ఏడాదిలో 132 తేదీలు ఇలా తారుమారు అవుతాయి.

ఆ రాత్రే బస్సెక్కా. పాత మిషన్‌ను చెరపకుండా ఉంచడమే మమ్మల్ని కాపాడింది. దసరా తర్వాతి బిల్లులను ముట్టుకోకుండా, పాత బిల్లుల తేదీలను అందులోంచి మళ్లీ తెచ్చి సరిచేశా. నెలవారీగా బిల్లులు లెక్కపెట్టి రెండు వైపులా పోల్చా. ఈ పని మొదట్లోనే చేసుంటే తప్పు ఐదు నిమిషాల్లో దొరికేది. ఆలోపు బాకీ కట్టి వెళ్లిన ఇద్దరికి బాబాయ్ ఫోన్ చేసి, ఎక్కువ తీసుకున్న వడ్డీ వెనక్కి ఇచ్చాడు.

మీ ఇంట్లోనూ ఒక కొట్టు ఉంటే...

* సీజన్‌లో మార్చకండి. గిరాకీ తక్కువ రోజులు చూసుకోండి.

* సంఖ్య, మొత్తం సరిపోతే చాలదు. నెలవారీగా పోల్చండి. పాతిక ఖాతాలను కాగితంతో సరిచూడండి.

* కనీసం ఒక నెల పాతదీ కొత్తదీ రెండూ నడవనివ్వండి.

* క్లౌడ్‌లో ఉంది కదా అని బ్యాకప్ మానకండి. మీరు పొరపాటున డిలీట్ చేస్తే అక్కడా పోతుంది. బ్యాకప్‌ను అప్పుడప్పుడు తెరిచి చూడండి. తెరుచుకోని బ్యాకప్ ఉన్నా లేనట్టే.

* పాస్‌వర్డ్‌తో పాటు ఓటీపీ లాంటి రెండో తాళం పెట్టండి. కొట్టులో అందరికీ ఒకే లాగిన్ వద్దు.

* నెలనెలా అద్దె ఎంతో ముందే లెక్కేసుకోండి. ఫొటోలు డేటాబేస్‌లో కాకుండా విడిగా దాస్తే ఖర్చు తగ్గుతుంది.

ఇప్పుడు అంతా బాగానే నడుస్తోంది. కరెంటు పోయినా బాబాయ్ ఫోన్‌లో బిల్లు కొడుతున్నాడు. అయినా రాత్రి కొట్టు కట్టేసే ముందు ఆ పుస్తకంలో నాలుగు లైన్లు రాస్తాడు. ‘‘ఇంకా ఎందుకు బాబాయ్?’’ అంటే నవ్వుతాడు.

‘‘నీ క్లౌడ్‌కి జులై ఏదో మార్చి ఏదో తెలిసేదాకా రాస్తాలే అమ్మాయ్.’’