పూసల బల్ల ముందు ఎలా కూర్చోవాలి?

గాజుపూసలు చేయడం మొదలుపెట్టిన మొదటి ఏడాది చివర్లో నా ఎడమచేతి చిటికెనవేలు, ఉంగరపువేలు తిమ్మిరెక్కడం మొదలైంది. పొద్దున్నే కాఫీ కప్పు పట్టుకుంటే ఆ రెండు వేళ్ళూ నావి కావేమో అనిపించేది. పదిహేనేళ్ళుగా కీబోర్డు కొడుతున్నవాణ్ణి కాబట్టి తప్పంతా దానిదే అనుకున్నాను. కొత్త కీబోర్డు, కొత్త మౌసు, మణికట్టుకి పట్టీ అన్నీ కొన్నాను. ఏమీ తగ్గలేదు. చివరికి ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్తే ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న: "సాయంత్రాలు ఏం చేస్తుంటారు?"

గరాజ్‌లో బల్ల అంచుకి మోచెయ్యి ఆనించి గంటలకొద్దీ పూస తిప్పుతుంటానని చెప్పగానే ఆవిడకి విషయం అర్థమైపోయింది. మోచేతి లోపలి వైపు ఎముకని ఆనుకుని అల్నార్ నరం వెళ్తుంది. మోచెయ్యి తలుపుకి తగిలితే జివ్వుమని లాగేది అదే. దాన్ని రోజూ గట్టి చెక్క అంచుకి అదిమిపెడితే తిమ్మిరి తేలేది చిటికెనవేలు, ఉంగరపువేలులోనే. మన సాఫ్ట్‌వేర్ వాళ్ళందరికీ తెలిసిన కార్పల్ టన్నెల్ వేరే నరం సంగతి. దాని తిమ్మిరి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు వైపు వస్తుంది. ఏ వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయో చూసుకుంటే బగ్ ఏ మాడ్యూల్లో ఉందో సగం తెలిసినట్టే.

ఇంతకీ ఈ పని ఏమిటో తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. మన వైపు గాజుపూసలంటే చిత్తూరు ప్రాంతంలోని పాపానాయుడుపేట గుర్తొస్తుంది. అక్కడిది కొలిమి పని. కరిగిన గాజుని సన్నటి గొట్టంలా సాగదీసి, ముక్కలు చేసి పూసలు తయారుచేస్తారు. నేను చెప్పేది ఒక్కో పూసనీ విడిగా, బల్ల మీద బిగించిన చిన్న బర్నర్ ముందు కూర్చుని చేసే పద్ధతి. ఇక్కడ టార్చి అంటే ఈ బర్నరే, చేతిలో పట్టుకునే టార్చిలైటు కాదు. ప్రొపేన్, ఆక్సిజన్ కలిసి మండే మంటలో ఒక చేత్తో గాజుకడ్డీని కరిగిస్తూ, రెండో చేత్తో మట్టిపూత పూసిన సన్నటి స్టీలు పుల్లని తిప్పుతూ, ఆ పుల్ల చుట్టూ గాజుని చుడతాం. పూర్వం నూనెదీపం మంటని గాలితో ఊది ఇదే పని చేసేవారు కాబట్టి లాంప్‌వర్క్ అన్న పేరు మిగిలిపోయింది.

కంప్యూటర్ పనికీ దీనికీ ఉన్న అసలు తేడా ఒక్కటే. కీబోర్డు మీద నుంచి చేతులు ఎప్పుడైనా తీసేయొచ్చు. పూస సగంలో ఉండగా చేతులు తీయలేం. తిప్పడం ఆపితే కరిగిన గాజు కిందకి జారిపోతుంది. మంటలోంచి కాసేపు బయట ఉంచితే చల్లబడి పగులుతుంది. మెడ లాగుతోందని, భుజం పీకుతోందని మధ్యలో సర్దుకుని కూర్చోవడం కుదరదు. పెద్ద పూస అయితే ముప్పావుగంట అలాగే బిగుసుకుని ఉండాల్సిందే. అందుకని సర్దుకోవడాలన్నీ మంట వెలిగించకముందే అయిపోవాలి.

నేను చేసే పరీక్ష చెబుతాను. గ్యాసు కట్టేసి ఉండగా కుర్చీలో కూర్చోండి. పాదాలు నేలకి పూర్తిగా ఆననివ్వండి. భుజాలు వదిలేయండి. కళ్ళు మూసుకుని, చేతికొక పెన్సిలు పట్టుకుని, పూస తిప్పుతున్నట్టు రెండు చేతులూ దగ్గరకి తీసుకురండి. ఇప్పుడు కళ్ళు తెరిచి చూస్తే పెన్సిళ్ళ మొనలు కలిసిన చోటే మంట ఉండాలి. మనం చేసేది దీనికి సరిగ్గా తిరగేసి: టార్చి ఎక్కడ బిగించి ఉంటే అక్కడికి ఒళ్ళంతా వంచుకుంటాం. నా విషయంలో మంట రొమ్ము ఎముక ఎత్తుకి వచ్చింది, అంటే టార్చి కింద నాలుగంగుళాల చెక్కదిమ్మ పెట్టి బోల్టులతో బిగించాల్సి వచ్చింది. మీ కొలత మీదే. ఎత్తు మరీ తక్కువైతే వీపు గూనవుతుంది, ఎక్కువైతే భుజాలు చెవుల దాకా లేస్తాయి.

మోచేతుల మాటకొస్తే, చేతులకి ఆసరా కావలసిందే, లేకపోతే వణుకుతాయి. కానీ ఆ ఆసరా మోచేతి ఎముక కింద కాదు, మోచేతికీ మణికట్టుకీ మధ్య కండ ఉన్నచోట ఉండాలి. మా ఆవిడ పాత జీన్స్ కాలు కత్తిరించి, అందులో బియ్యం పోసి కుట్టి ఇచ్చింది. నిప్పురవ్వ పడినా జీన్స్ గుడ్డ నైలాను లాగా కరగదు. వంద డాలర్ల ఆర్మ్‌రెస్టు కూడా వాడి చూశాను, దీనికి సాటి రాలేదు.

పట్టు గురించి కూడా చెప్పాలి. స్టీలు పుల్ల మందం ఒక అంగుళంలో పదోవంతు కూడా ఉండదు. అంత సన్నటిదాన్ని బొటనవేలితో గట్టిగా నొక్కి తిప్పుతుంటే బొటనవేలి మొదట్లో నరాలు పట్టేస్తాయి. వేడి తగలని చివర పెన్సిళ్ళకి తొడిగే రబ్బరు గొట్టం తొడిగితే పట్టు సగానికి సగం తేలికవుతుంది. మణికట్టు వంచకుండా వేళ్ళ కొసలతోనే దొర్లించాలి.

కుర్చీ విషయంలో మనవాళ్ళు చేసే పొరపాటు, ఆఫీసు కుర్చీని గరాజ్‌లోకి తోసుకురావడం. చల్లటి కడ్డీని మంటలోకి గబుక్కున పెడితే చిటపటమని పగిలి ముక్కలు ఎగురుతాయి. ఒళ్ళో పడిందంటే మనిషి వెనక్కి తన్నుకుంటాడు, చక్రాలున్న కుర్చీ తనదారిన తాను పోతుంది, చేతిలో కరిగిన గాజు ఉంటుంది. పైగా వలలాంటి ఆ నైలాను సీటు మీద వేడి గాజు పడితే చిల్లే. చక్రాలు లేని చెక్క కుర్చీ, నూలు దిండు, ఒళ్ళు కప్పే మందపాటి నూలు ఏప్రన్ చాలు. చున్నీ, పమిట, పాలియెస్టర్ చొక్కా ఇంట్లోనే వదిలి రావాలి. కాలితే ఇరవై నిమిషాలు చల్లటి కుళాయినీళ్ళ కింద పెట్టండి. ఐసూ వద్దు, అమ్మమ్మగారి సిరా వైద్యమూ వద్దు.

మెడనొప్పికి కారణం చాలాసార్లు మెడలో ఉండదు, కళ్ళజోడులో ఉంటుంది. నలభై దాటి ప్రోగ్రెసివ్ అద్దాలు పెట్టుకున్నవాళ్ళకి దగ్గర చూపు అద్దం అడుగున ఉంటుంది. మంట ఛాతీ ఎత్తులో ఉంటే ఆ అడుగుభాగంలోంచి చూడటానికి గడ్డం పైకెత్తి కూర్చుంటారు, అదీ గంటసేపు. గాజులోని సోడియం వల్ల లేచే పసుపు వెలుగుని ఆపడానికి ఎలాగూ డిడీమియం అద్దాలు కావాలి. కంటి నుంచి మంటకి దూరం టేపుతో కొలిచి, ఆ ఒక్క దూరానికే పవరు వేయించి చేయించుకుంటే మెడ దానంతటదే కిందకి దిగుతుంది. కంప్యూటర్ కళ్ళజోడు పనికిరాదు, మానిటర్ ఇంకా దూరం కదా. బోరోసిలికేట్ గాజుతో పనిచేసేవాళ్ళకి డిడీమియం ఒక్కటే చాలదు, పరారుణ కిరణాలనీ ఆపే ముదురు అద్దం కావాలి.

పూర్తయిన పూసని మెల్లగా చల్లార్చే కరెంటు బట్టీని పుల్ల పట్టుకున్న చేతివైపే, నడుము తిప్పకుండా అందేంత దూరంలో పెట్టుకోండి. నాకు మొదట్లో ప్లగ్గు కుడివైపు ఉందని బట్టీ కూడా అటే పెట్టాను. ప్రతి పూసకీ తొమ్మిది వందల డిగ్రీల ఫారెన్‌హీట్ వేడికి ఎదురుగా ఒళ్ళు మెలితిప్పాల్సి వచ్చేది. వేడి కడ్డీలు పెట్టే స్టాండు అవతలి వైపు, కాలే కొనలు మీకు దూరంగా ఉండేలా పెట్టాలి.

వంగి కూర్చోవడంలో వీపునొప్పిని మించిన ప్రమాదం ఇంకోటి ఉంది. మంటలోంచి కార్బన్ మోనాక్సైడ్, నైట్రోజన్ డయాక్సైడ్ వస్తాయి. పైన ఎంత మంచి హుడ్ ఉన్నా, మీరు ముందుకి వంగితే ముక్కు ఆ పొగదారిలోకి వెళ్తుంది. కొత్తగాలి మీ వెనకనుంచి వచ్చి, మంట మీదుగా ఫ్యాన్‌లోకి పోవాలి. గరాజ్ తలుపు తెరిచాం కదా అంటే కుదరదు. ఎదురుగాలి వస్తే పొగంతా మొహానికే. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండి తీరాలి, కానీ అది రెండో వాయువుని పసిగట్టలేదు.

ప్రొపేన్ గాలికన్నా బరువు, లీకైతే నేలబారున పేరుకుంటుంది. సిలిండర్ ఇంటి బయటే ఉండాలి, బేస్‌మెంట్‌లో అసలు వద్దు. గొట్టాలు కాళ్ళకిందుగా కాకుండా బల్ల వెనకనుంచి రావాలి. అమెరికాలో గ్యాసుకి ఎరుపు, ఆక్సిజన్‌కి ఆకుపచ్చ. బ్రిటన్‌లో ప్రొపేన్‌కి నారింజ, ఆక్సిజన్‌కి నీలం. అమెరికాలో ప్రొపేన్‌కి టి గ్రేడు గొట్టమే కొనండి, ఆర్ గ్రేడు ఎసిటిలీన్‌కి మాత్రమే.

విరామాల కోసం టైమర్లు పెట్టుకోవద్దు, అది మోగేసరికి పూస మధ్యలో ఉంటారు. నేను పూసలు లెక్కపెట్టుకుంటాను. చిన్నవైతే మూడింటికి ఒకసారి, పెద్దదైతే ఒక్కటి కాగానే మంట ఆర్పి లేచి నిలబడతాను. నా వేళ్ళ తిమ్మిరి పూర్తిగా పోవడానికి నాలుగు నెలలు పట్టింది. వస్తూ పోతూ ఉండే తిమ్మిరి కాకుండా ఎప్పుడూ ఉంటున్నా, చేతిలో వస్తువులు జారిపోతున్నా, బల్ల సర్దుకుంటూ కూర్చోక డాక్టరుకి చూపించుకోండి.

అద్దె అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్ళు ఇంట్లో ఇదంతా పెట్టే ప్రయత్నం చేయొద్దు. గంటల లెక్కన టార్చి అద్దెకిచ్చే స్టూడియోలు ఉన్నాయి, గాలి ఏర్పాటు కూడా వాళ్ళే చూసుకుంటారు. అక్కడ టార్చి ఎత్తు మార్చనివ్వరు కాబట్టి మార్చుకోగలిగేది మన ఎత్తే. సంచిలో బియ్యం దిండు, కుర్చీ మీదకో కాళ్ళకిందకో వేసుకోవడానికి రెండంగుళాల చెక్కపలక పట్టుకెళ్ళండి. వెలిగించే ముందు పెన్సిళ్ళ పరీక్ష అక్కడా చేయండి. పక్కవాళ్ళు వింతగా చూస్తారు, చూడనివ్వండి.