చర్చకు, రెచ్చగొట్టడానికి మధ్య గీత ఎక్కడ?

నేపాల్ ప్రభుత్వం 2025 సెప్టెంబరు 4న ఫేస్‌బుక్, యూట్యూబ్, వాట్సాప్ సహా 26 సామాజిక మాధ్యమ వేదికలను నిలిపివేసింది. నిర్ణీత గడువులోగా ఆ సంస్థలు దేశంలో నమోదు చేసుకోలేదన్నది ప్రభుత్వం చూపిన కారణం. విదేశాలలో పనిచేస్తున్న లక్షలాది నేపాలీలకు ఇంటివారితో మాట్లాడే దారి ఒక్కసారిగా మూసుకుపోయింది. అవినీతిపై అప్పటికే రగులుతున్న యువత సెప్టెంబరు 8న ఖాట్మండు వీధుల్లోకి వచ్చింది. ఆ ఒక్కరోజే 19 మంది ప్రాణాలు కోల్పోయారు. నిషేధాన్ని ఎత్తివేసినా ఆందోళన చల్లారలేదు. మరునాడు ప్రధానమంత్రి కె.పి. శర్మ ఓలీ రాజీనామా చేశారు.

అంతర్జాలంలో ఏది మాట్లాడవచ్చు, ఏది మాట్లాడకూడదు, దాన్ని ఎవరు ఏ కొలమానంతో నిర్ణయించాలి అన్న ప్రశ్నను దక్షిణాసియా దేశాలన్నీ ఏదో ఒక రూపంలో ఎదుర్కొంటున్నాయి. ఆ కొలమానం అంతర్జాతీయ న్యాయంలోనూ, భారత న్యాయస్థానాల తీర్పుల్లోనూ చాలావరకు స్పష్టంగానే ఉంది.

సరిహద్దులు అడ్డురాని హక్కు

ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 1948 డిసెంబరు 10న పారిస్‌లో విశ్వజనీన మానవ హక్కుల ప్రకటనను ఆమోదించింది. 48 దేశాలు అనుకూలంగా ఓటు వేయగా, 8 దేశాలు తటస్థంగా ఉన్నాయి. వ్యతిరేకంగా ఒక్క ఓటూ పడలేదు. మొదటి అధికరణంలో ‘పురుషులందరూ’ అనే అర్థం వచ్చే మాటకు బదులు ‘మానవులందరూ’ అనే మాట ఉండాలని పట్టుబట్టినవారు భారత ప్రతినిధి హంసా మెహతా.

ఈ ప్రకటనలోని 19వ అధికరణం అభిప్రాయం చెప్పే హక్కుతోపాటు సమాచారాన్ని వెతికే, పొందే, పంచుకునే హక్కును కూడా గుర్తించింది. దేశాల సరిహద్దులు దీనికి అడ్డు కారాదని, మాధ్యమం ఏదైనా హక్కు ఒక్కటేనని పేర్కొంది. రేడియో, పత్రికలే ప్రధాన మాధ్యమాలైన కాలంలో రాసిన ఆ మాట నేటి చేతిఫోనుకు కూడా వర్తిస్తుంది.

1966 నాటి పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడిక ఈ హక్కుకు చట్టబద్ధత కల్పించింది. భారతదేశం 1979లో ఇందులో చేరింది. శ్రీలంక, నేపాల్, బంగ్లాదేశ్, పాకిస్తాన్ కూడా భాగస్వాములే. భావప్రకటనపై ప్రభుత్వం ఆంక్ష విధించాలంటే మూడు పరీక్షలు దాటాలి. ఆంక్ష స్పష్టమైన చట్టంలో ఉండాలి. దేశభద్రత, శాంతిభద్రతలు, ఇతరుల హక్కులు వంటి నిర్దిష్ట ప్రయోజనం కోసమే ఉండాలి. ఆ ప్రయోజనానికి అవసరమైన మేరకే ఉండాలి.

అస్పష్టతే అసలు చిక్కు

భారత సమాచార సాంకేతిక చట్టానికి 2008లో చేసిన సవరణ ద్వారా 66ఏ సెక్షన్ వచ్చింది. కంప్యూటరు లేదా ఫోను ద్వారా ‘తీవ్ర అభ్యంతరకర’ సమాచారం పంపినా, తప్పని తెలిసిన సమాచారాన్ని ‘చిరాకు’, ‘అసౌకర్యం’ కలిగించడానికి పంపినా మూడేళ్ల వరకు జైలుశిక్ష విధించవచ్చు. చిరాకుకు నిర్వచనమేమిటో చట్టం చెప్పలేదు. 2012 నవంబరులో మహారాష్ట్రలోని పాల్‌ఘర్‌లో ఒక యువతి, ఒక నాయకుడి మరణానంతరం ముంబయి మూతపడటాన్ని ప్రశ్నిస్తూ ఫేస్‌బుక్‌లో రాసింది. మరో యువతి దానికి ‘లైక్’ కొట్టింది. ఇద్దరినీ పోలీసులు అరెస్టు చేశారు.

న్యాయవిద్యార్థిని శ్రేయా సింఘాల్ తదితరులు వేసిన పిటిషన్లపై సుప్రీంకోర్టు 2015 మార్చి 24న ఆ సెక్షన్‌ను కొట్టివేసింది. కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్, జస్టిస్ రోహింటన్ నారిమన్‌ల ధర్మాసనం ఇచ్చిన ఈ తీర్పులో మూడు మాటలు కీలకం: చర్చ, సమర్థన, రెచ్చగొట్టడం. ఒక విషయాన్ని చర్చించడం, దాని తరఫున గట్టిగా వాదించడం ఎంత అప్రియమైనా హక్కు పరిధిలోనివే. మాట రెచ్చగొట్టే స్థాయికి చేరినప్పుడే చట్టం జోక్యం చేసుకోగలదు. అయితే వేదికలను, సమాచారాన్ని నిలిపివేసే అధికారమిచ్చే 69ఏ సెక్షన్‌ను, నిర్ణయానికి తగిన విధివిధానాలున్నాయన్న కారణంతో ఇదే ధర్మాసనం సమర్థించింది.

తీర్పు వెలువడిన తర్వాత కూడా కొన్ని రాష్ట్రాల్లో పోలీసులు 66ఏ కింద కేసులు పెడుతూనే వచ్చారు. దీనిపై 2021లో సుప్రీంకోర్టు విస్మయం వ్యక్తం చేసింది. ఆ సెక్షన్ కింద ఎవరినీ విచారించరాదని 2022 అక్టోబరులో స్పష్టమైన ఆదేశాలిచ్చింది. కొట్టివేసిన చట్టం ఠాణా గడప దాటి పోవడానికి ఏడేళ్లు చాలలేదన్నమాట.

అంతర్జాతీయ వార్తల విషయంలో మరో అంశముంది. భారత రాజ్యాంగం 19(2) అధికరణం అనుమతించే ఆంక్షల్లో ‘విదేశాలతో స్నేహసంబంధాలు’ ఒకటి. 1951లో తొలి సవరణ ద్వారా ఇది చేరింది. కానీ ఈ ఆంక్ష కూడా ‘సహేతుకం’గా ఉండాలని ఆ అధికరణమే షరతు పెట్టింది.

పొరుగు దేశాల అనుభవం

బంగ్లాదేశ్‌లో విద్యార్థులు రహదారి భద్రత కోసం ఆందోళన చేస్తున్నప్పుడు, ప్రఖ్యాత ఛాయాచిత్రకారుడు షాహిదుల్ ఆలం అల్ జజీరాకు ఇంటర్వ్యూ ఇచ్చారు. 2018 ఆగస్టు 5న ఆయనను సమాచార సాంకేతిక చట్టం 57వ సెక్షన్ కింద అరెస్టు చేశారు. వంద రోజులకు పైగా ఆయన జైల్లో ఉన్నారు. ఆ సెక్షన్ తొలగినా దానిలోని పలు అంశాలు అదే ఏడాది వచ్చిన డిజిటల్ భద్రతా చట్టంలో చేరాయి. ఆ చట్టం స్థానంలో 2023లో మరొకటి, 2025లో దాని స్థానంలో ఒక ఆర్డినెన్సు వచ్చాయి. పాకిస్తాన్ 2025 జనవరిలో తన ఎలక్ట్రానిక్ నేరాల చట్టాన్ని సవరించి, అసత్య సమాచారానికి మూడేళ్ల వరకు జైలుశిక్షను నిర్దేశించింది. శ్రీలంక 2024లో ఆన్‌లైన్ భద్రతా చట్టం తెచ్చి అయిదుగురు సభ్యుల కమిషన్‌కు విస్తృతాధికారాలిచ్చింది.

అడ్డూ అదుపూ లేకపోతే?

హద్దు అక్కర్లేదనుకుంటే ఏం జరుగుతుందో మయన్మార్ చూపింది. రోహింగ్యాలపై ద్వేషం ఫేస్‌బుక్‌లో ఏళ్ల తరబడి వ్యాపించింది. 2017 ఆగస్టులో మొదలైన సైనిక చర్యతో ఏడు లక్షల మందికి పైగా రోహింగ్యాలు బంగ్లాదేశ్‌కు తరలిపోయారు. ద్వేష ప్రచారకులకు ఫేస్‌బుక్ సాధనంగా మారిందని ఐక్యరాజ్యసమితి నిజనిర్ధారణ బృందం 2018లో పేర్కొంది. హింసను ప్రేరేపించడానికి తన వేదిక వాడకుండా తగినంత చేయలేకపోయానని ఆ సంస్థే అదే ఏడాది అంగీకరించింది.

పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక 20వ అధికరణం జాతి, మత విద్వేషంతో హింసకు పురికొల్పడాన్ని చట్టం నిషేధించాలని చెబుతోంది. ఏది అలాంటిదో తేల్చడానికి 2012లో రూపొందిన రబాత్ కార్యాచరణ ప్రణాళిక ఆరు అంశాలను సూచించింది. అప్పటి పరిస్థితి ఏమిటి, మాట్లాడింది ఎవరు, ఉద్దేశం ఏమిటి, మాట ఏ రూపంలో ఉంది, ఎంతమందికి చేరింది, హాని జరిగే అవకాశం ఎంత అన్నవే అవి. ఒక సామాన్య పౌరుడు కోపంతో రాసిన వాక్యానికి, సాయుధ బలగాల అధిపతి పదేపదే చేసే ప్రకటనకు మధ్య తేడాను ఈ ప్రశ్నలు బయటపెడతాయి.

పాల్‌ఘర్ యువతి రాసిన వాక్యం వీటిలో ఏ ప్రశ్న ముందూ నేరంగా నిలవదు. మయన్మార్‌లో సాగిన ప్రచారం దాదాపు అన్నింటి ముందూ దోషిగానే నిలుస్తుంది. రెండింటినీ ఒకే గాటన కట్టే చట్టం మొదటిదాన్ని శిక్షించడంలో తొందర చూపి, రెండోదాన్ని ఆపడంలో ఆలస్యం చేస్తుంది. దక్షిణాసియాలో కొత్త చట్టం ఏది వచ్చినా పౌరులు ముందుగా చూడవలసింది అందులో వాడిన మాటల నిర్వచనాలనే.