రాజీనామాతో తీరని లెక్క

2014 ఫిబ్రవరి 26న ముంబై తీరానికి ఆవల ఐఎన్‌ఎస్ సింధురత్న జలాంతర్గామిలో పొగ కమ్ముకుని ఇద్దరు నౌకాదళ అధికారులు ప్రాణాలు కోల్పోయారు. నైతిక బాధ్యత వహిస్తూ నౌకాదళాధిపతి అడ్మిరల్ డి.కె. జోషి ఆ రోజే రాజీనామా చేశారు. ఇంకా ఏడాదికి పైగా పదవీకాలం ఉన్నా, ప్రభుత్వం వెంటనే ఆమోదించింది. ప్రమాదాలకు బాధ్యత తీసుకుని భారత నౌకాదళాధిపతి ఒకరు తప్పుకోవడం అదే మొదలు.

ఆ రాజీనామా వెనకున్న ప్రమాదాల కథలో విశాఖపట్నమూ ఉంది. 2010 ఫిబ్రవరిలో విశాఖలో ఉన్న ఐఎన్‌ఎస్ సింధురక్షక్ బ్యాటరీల గదిలో మంటలు లేచి ఒక నావికుడు చనిపోయాడు. హైడ్రోజన్ లీకవడమే కారణమన్నారు. రష్యాలో మరమ్మతులు చేయించి తెచ్చిన అదే జలాంతర్గామి 2013 ఆగస్టు 14న ముంబై డాక్‌యార్డులో పేలి మునిగిపోయింది. లోపలున్న 18 మందిలో ఒక్కరూ బతకలేదు. వారిలో విశాఖ కుర్రాళ్లూ ఉన్నారు.

జోషి వెళ్లిపోయాక కూడా ప్రమాదాలు ఆగలేదు. 2014 నవంబర్ 6 రాత్రి విశాఖ తీరానికి దూరంగా, సాధన కోసం వదిలిన టార్పెడోలను ఏరి తెచ్చే చిన్న నౌక మునిగింది. ఒకరు చనిపోగా, నలుగురు గల్లంతయ్యారు.

జోషి గౌరవంగా తప్పుకున్నారు. అయితే తర్వాత ఇచ్చిన ఇంటర్వ్యూలో ఆయన అసలు జబ్బు ఏమిటో చెప్పారు: జవాబుదారీ ఒకరిది, అధికారం మరొకరిది. కీలకమైన మరమ్మతులకూ కొనుగోళ్లకూ అనుమతి రావాల్సింది రక్షణ శాఖ నుంచి. ప్రాణం పోతే తలవంచాల్సింది యూనిఫాం వేసుకున్నవాళ్లు. అప్పటి రక్షణ మంత్రి ఎ.కె. ఆంటోనీ మాత్రం పదవిలోనే కొనసాగారు.

ఇదంతా రాయలసీమలోని కోడుమూరుకు ఎందుకు? వానను నమ్మి సేద్యం చేయలేని ఈ మెట్ట నేలల్లో మిలిటరీ ఉద్యోగమంటే నెలనెలా వచ్చే జీతం, ఇంటికి ఒక దారి. తెల్లవారకముందే రోడ్డు మీద పరుగు ప్రాక్టీసు చేసే పిల్లల అమ్మానాన్నలు యుద్ధానికి మనసును సిద్ధం చేసుకుంటారు. యుద్ధం లేని రోజు వచ్చే చావుకు ఎవరు సిద్ధంగా ఉంటారు? అలాంటప్పుడు వాళ్లకు మొదట కావాల్సింది ఏం జరిగిందో చెప్పే మనిషి.

రాయలసీమ ఈ బాధ చూసింది. 2021 డిసెంబర్ 8న కూనూరు దగ్గర కూలిన హెలికాప్టర్‌లో త్రివిధ దళాధిపతి జనరల్ బిపిన్ రావత్‌తో పాటు కురబలకోట మండలం ఎగువరేగడ వాసి లాన్స్ నాయక్ సాయితేజ కూడా చనిపోయాడు. గుర్తుపట్టడానికి డీఎన్‌ఏ పరీక్ష చేయాల్సివచ్చింది. మొత్తం 14 ప్రాణాలు పోయాయి. 2022 జనవరిలో వాయుసేన యాంత్రిక లోపం, విద్రోహం, నిర్లక్ష్యం ఏవీ లేవని చెప్పింది. లోయలో వాతావరణం హఠాత్తుగా మారి మబ్బుల్లోకి వెళ్లడంతో పైలట్ దిక్కు తెలియని స్థితిలో పడ్డాడంది. 2024 డిసెంబర్‌లో పార్లమెంటు స్థాయీ సంఘం నివేదికలో అదే ప్రమాదానికి కారణం సిబ్బంది మానవ తప్పిదమని నమోదైంది. చనిపోయిన పైలట్ తన పక్షం చెప్పుకోలేడు. ఆ వాతావరణంలో ఆ ప్రయాణానికి ఎవరు, ఏ అంచనాతో సరేనన్నారో ఆ ఒక్క మాటలో లేదు.

ఇలాంటి ప్రమాదాలపై సైన్యం జరిపే అంతర్గత విచారణ (కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ) నివేదికలను సాధారణంగా బయటపెట్టరు. భద్రత కోసం కొన్ని పేజీలు దాచడం న్యాయమే, మొత్తం దాచడం న్యాయం కాదు. బాధ్యుల పేర్లు చెప్పడం ఎంత కష్టమో మరో దేశమూ చూసింది. 2023 జూలైలో దక్షిణ కొరియాలో వరద గాలింపులో లైఫ్ జాకెట్ లేకుండా నీటిలోకి దిగిన ఒక యువ మెరీన్ చనిపోయాడు. డివిజన్ కమాండర్ వరకు బాధ్యులను చూపిన దర్యాప్తు అధికారి కర్నల్ పార్క్ జంగ్ హున్‌పై ఆజ్ఞాధిక్కారం కేసు పెట్టారు. 2025 జనవరిలో సైనిక కోర్టు ఆయన్ను నిర్దోషిగా తేల్చింది.

మన దగ్గర రక్షణ శాఖ ఇప్పుడే చేయగలిగిన పని ఒకటుంది. ప్రతి ప్రాణాంతక ప్రమాదం మీదా రహస్యాలు తీసేసిన విచారణ సారాంశాన్ని, ఎవరు ఏ నిర్ణయానికి బాధ్యులో రాసి, ఆ కుటుంబం చదవగలిగే భాషలో ఇంటికి పంపాలి. ఎగువరేగడకు తెలుగులో.